అప్‌డేట్: ఓవర్‌క్లాక్ క్రాష్ దొరికింది

గ్రాఫిక్స్ కార్డ్‌ను ఓవర్‌క్లాక్ చేస్తే (అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా పెంచితే) బెంచ్‌మార్క్ పరీక్ష పాసవుతోంది, గేమ్ మధ్యలో మాత్రం కార్డ్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పడిపోతోందని ఇక్కడ అడిగింది నేనే. కార్డ్‌లోని కోర్ (లెక్కలు చేసే చిప్), మెమరీ వేగాల్ని విడివిడిగా పెంచి చూడమన్నారు కదా, అలాగే చేశాను. గొడవంతా కోర్‌దే. విచిత్రమేంటంటే, మా చెన్నై వేళచ్చేరి ఉక్కపోతలో బాగానే నడిచి, ఏసీ వేశాకే క్రాష్ అయ్యేది! కార్డ్ చల్లబడితే ఎన్విడియా కార్డుల్లోని బూస్ట్ అనే ఏర్పాటు తనంతట తానే క్లాక్‌ను (కోర్ వేగాన్ని) 15 మెగాహెర్ట్జ్ మెట్లలో పైకి నెడుతుంది. ఆ పై మెట్టు దగ్గరే చతికిలబడుతోంది. కోర్ ఆఫ్‌సెట్ (మామూలు వేగానికి నేను అదనంగా కలిపింది) 150 నుంచి 105 మెగాహెర్ట్జ్‌కి దించాను.

మెమరీ ప్లస్ 1000 దగ్గర క్రాషేమీ లేదు గానీ ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) తగ్గింది. ఈ కార్డ్‌లోని జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీ తప్పుల్ని పట్టుకుని డేటా మళ్లీ పంపుకుంటుంది మరి, టైమ్ దానికే పోతుంది. 600 దగ్గరే ఎక్కువొచ్చింది.

పవర్ సప్లై మార్చమన్న అన్నయ్యా, ఆ ఖర్చు తప్పింది. ఇప్పుడు ఏసీలో ఎంతసేపు ఆడినా నిలబడుతోంది, కరెంటు బిల్లు సంగతి వేరే.