రికార్డర్ పెట్టగానే యాస మాయం, ఏం చేయాలి?

పీహెచ్‌డీ కోసం తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి వేషాలు కట్టే పెద్దవాళ్ల మాటలు రికార్డు చేస్తా ఉన్నా. ఇప్పటికి 11 మందితో కూర్చున్నా. టీ తాగేటప్పుడు ‘యాడికి పోతాండావు నాయనా’ అన్న తాత, ఫోన్‌లో ఎర్ర చుక్క కనబడగానే ‘ఎక్కడికి వెళ్తున్నారు’ అంటాడు, అచ్చం టీవీ వార్తల్లో లాగా!

ఫోన్ బోర్లించి పెట్టినా, మొదటి 20 నిమిషాలు లెక్కలోకి తీసుకోకపోయినా, మనవణ్ని పక్కన కూర్చోబెట్టినా అంతే. లబోవ్ అనే అమెరికా భాషావేత్త పద్ధతిలో ప్రాణం మీదికొచ్చిన సంగతి అడిగితే మాత్రం రెండు నిమిషాలు సొంత యాస దొర్లింది, మళ్లీ సర్దుకున్నాడు.

చాటుగా రికార్డు చేయను, అనుమతి ముందే తీసుకుంటా. అలా చెప్పి పెట్టిన మైకును కూడా మనిషి మరిచిపోయేలా మీరేం చేశారు?