నీగ్రో లీగుల పతనం: 1947 నాటి గెలుపుకు మూల్యం చెల్లించింది ఎవరు?

సింహావలోకనం:
1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు తరఫున నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ మైదానంలో దిగడాన్ని అమెరికా పౌరహక్కుల పోరాటంలో ఒక పెద్ద గెలుపుగా చెప్పుకుంటాం. మరుసటి ఏడాది సీజన్ ముగిశాక, నల్లజాతి ఆటగాళ్ల జట్లతో నడిచిన నీగ్రో నేషనల్ లీగ్ మూతపడింది. అప్పటిదాకా తెల్లవారికే పరిమితమైన అగ్రశ్రేణి మేజర్ లీగుల్లోకి నల్లజాతి ఆటగాళ్లను తీసుకున్న పద్ధతే వారి పాత జట్లను కూల్చిందా, లేక వివక్ష వల్ల పుట్టిన లీగు వివక్షతో పాటే పోవడం సహజమా? సభ్యులు అభిప్రాయం చెప్పగోరుతున్నాను.

నెవార్క్ పొరుగు:
సహజమన్న మాటను నేను ఒప్పుకోను. న్యూజెర్సీలోని నెవార్క్ ఈగిల్స్ జట్టు 1946లో నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ ఏడాది ఆ జట్టు ఆటలకు సుమారు 1,20,000 మంది వచ్చారు. మరుసటి ఏడాది, దగ్గరలోనే ఉన్న బ్రూక్లిన్‌లో రాబిన్సన్ ఆడుతుండగా, ఆ సంఖ్య సుమారు 57,000కు పడిపోయింది. 1948 సీజన్ తర్వాత యజమానులైన ఎఫా మాన్లీ దంపతులు జట్టును అమ్ముకున్నారు. ప్రేక్షకులు ఎటు వెళ్లాలన్నది వారి ఇష్టం. నేను తప్పుపట్టేది డాడ్జర్స్ అధినేత బ్రాంచ్ రిక్కీని. కాన్సాస్ సిటీ మోనార్క్స్ నుంచి రాబిన్సన్‌ను, ఈగిల్స్ నుంచి డాన్ న్యూకమ్‌ను తీసుకుని ఆ జట్లకు పైసా ఇవ్వకపోగా, అవి సరైన లీగులే కావని, అక్కరకొచ్చే ఒప్పందాలు వాటికి లేవని వాదించాడు. సొంత ఆటగాళ్లను మాత్రం వేరే జట్టుకు వెళ్లనివ్వని రిజర్వ్ నిబంధనతో కట్టిపడేసిన వ్యవస్థలో ఉంటూ ఆ మాట అనడం నాకు మింగుడుపడదు. 1947 జూలైలో లారీ డోబీ కోసం క్లీవ్‌లాండ్ జట్టు యజమాని బిల్ వీక్ ఇదే ఈగిల్స్‌కు 15,000 డాలర్లు చెల్లించాడు. అది తక్కువే, కానీ చెల్లించడం అసాధ్యమేమీ కాదని తేలింది కదా.

పాత స్కోరుకార్డు:
ఆ రెండు జట్లనూ ఒకే గాటన కట్టకండి. ఈగిల్స్‌లా కాదు, మోనార్క్స్ యజమానులైన జె.ఎల్. విల్కిన్సన్, టామ్ బేర్డ్ ఇద్దరూ శ్వేతజాతీయులు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఈ మార్పును రిక్కీ ఒక్కడే తెచ్చినట్టు మాట్లాడుకుంటున్నాం. పిట్స్‌బర్గ్ కొరియర్‌లో వెండెల్ స్మిత్, బాల్టిమోర్ పత్రిక ఆఫ్రో-అమెరికన్‌లో శామ్ లేసీ ఏళ్ల తరబడి దీనికోసం రాశారు. కమ్యూనిస్టుల డైలీ వర్కర్‌లో లెస్టర్ రాడ్నీ 1936 నుంచి ప్రచారం నడిపాడు. ఆదివారం ఆటల అనుమతిని అడ్డుకుంటానని నగర కౌన్సిలర్ ఐసడోర్ మచ్నిక్ ఒత్తిడి తెస్తే తప్ప, 1945 ఏప్రిల్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ రాబిన్సన్‌తో సహా ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లను కనీసం పరీక్షించనైనా లేదు. పరీక్షించి ఊరుకుంది, ఆ జట్టులో తొలి నల్లజాతి ఆటగాడు పంప్సీ గ్రీన్ 1959లో గానీ రాలేదు! ఇంత పోరాడింది నల్లజాతి పత్రికలే. పరిహారం కోసం పట్టుబట్టిన యజమానులు ఈ అవకాశానికి అడ్డుపడుతున్నారని మందలించిందీ అవే పత్రికలు. వారు పోరాడి సాధించుకున్నదాన్ని మనం ఇవాళ నష్టాల ఖాతాలో రాయడం న్యాయమా?

నెవార్క్ పొరుగు:
వారు కోరింది వేరు, దక్కింది వేరు. యజమాని రంగు ఏదైనా మోనార్క్స్‌లో ఒక నల్లజాతీయుడు మేనేజర్ (మైదానంలో జట్టును నడిపించే పెద్ద, కోచ్‌లకు పైవాడు) కాగలిగాడు: 1948 నుంచి ఆ బాధ్యత బక్ ఓ'నీల్‌ది. అదే ఓ'నీల్ షికాగో కబ్స్‌కు వెళ్లి 1962లో మేజర్ లీగుల్లో తొలి నల్లజాతి కోచ్ అయ్యాడే గానీ, అక్కడ మేనేజర్ పదవి అతనికి ఎన్నడూ అందలేదు. 1972 వరల్డ్ సిరీస్ వేదికపై రాబిన్సన్ ఒక నల్లజాతి మేనేజర్‌ను చూడాలని ఉందన్నాడు. తొమ్మిది రోజులకే చనిపోయాడు. ఫ్రాంక్ రాబిన్సన్‌కు క్లీవ్‌లాండ్ ఆ పదవి ఇచ్చి మైదానంలో నిలబెట్టింది 1975లో. ఆటగాడికి దారి దొరికింది. మేనేజర్‌కు, యజమానికి, టిక్కెట్లమ్మే గుమాస్తాకు దొరకలేదు.

పాత స్కోరుకార్డు:
28 ఏళ్ల ఆ జాప్యం మేజర్ లీగుల నేరమే, కాదనను. అయితే పాత ఏర్పాటులో లాభపడింది ఎవరో కూడా చూడండి. ఈగిల్స్ ఆడిన రూపర్ట్ స్టేడియం న్యూయార్క్ యాంకీస్ ఆస్తి. నీగ్రో లీగుల ఆటలకు మైదానాలు అద్దెకిచ్చి యాంకీస్ ఏటా లక్ష డాలర్ల దాకా ఆర్జిస్తున్నారని, ఆ రాబడి పోతుందని, 1946లో మేజర్ లీగుల యజమానుల అంతర్గత నివేదికే చెప్పింది. జట్టు నల్లజాతీయులది, గడ్డి మాత్రం తెల్లవారిది. ఆ లీగును స్వతంత్ర సంస్థగా ఊహించుకుని దాని పతనానికి రిక్కీని నిందిస్తే, దాన్ని అద్దె వనరుగా కాపాడుకోవాలనుకున్నవారు తప్పించుకుంటారు.

నెవార్క్ పొరుగు:
ఆ నివేదిక నా వాదనకే బలం. ఏళ్ల తరబడి అద్దె వసూలు చేసుకున్నవారికి ఆ జట్ల లెక్క, వాటి ఆదాయం, వాటి ఆటగాళ్ల విలువ బాగా తెలుసు. తీరా ఆటగాళ్లను తీసుకునే వేళకు మాత్రం అవి లీగులే కాదన్నారు. 2020 డిసెంబరులో అవే లీగులను మేజర్ లీగులుగా గుర్తించారు. 2024లో గణాంకాలు కలిపాక .372 జీవితకాల బ్యాటింగ్ సగటుతో నీగ్రో లీగుల ఆటగాడు జోష్ గిబ్సన్, అంతవరకు మొదటి స్థానంలో ఉన్న టై కాబ్‌ను దాటాడు. గిబ్సన్ 1947 జనవరిలోనే మరణించాడు. మాన్లీకి రావలసిన న్యూకమ్ సొమ్ము సంగతి ఆ గుర్తింపులో ఎక్కడా లేదు.