ప్రీమియం సెడాన్‌కి నాలుగు సిలిండర్లు చాలా?

భీమిలి రోడ్డు:
మా బాబాయి బీఎండబ్ల్యూ 330ఐ చూసొచ్చారు. నాకే మనసొప్పడం లేదు. ఇదే పేరుతో ఒకప్పుడు మూడు లీటర్ల ఇన్‌లైన్ సిక్స్, అంటే ఒకే వరసలో ఆరు సిలిండర్ల ఇంజన్ వచ్చేది. ఇప్పుడు రెండు లీటర్ల టర్బో, నాలుగు సిలిండర్లు. అరకోటి దాటే బండికి ఇది తక్కువే అంటాను.

గాజువాక షెడ్డు:
తక్కువేటి బాబూ? 258 హార్స్‌పవర్, 1,550 ఆర్‌పీఎం నుంచే 400 ఎన్‌ఎం టార్క్ (తిప్పే బలం). అనంతగిరి ఘాట్‌లో ఏ మలుపు దగ్గరా ఊపిరి తగ్గదు. ముందు బరువు తక్కువ కాబట్టి స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది. పైగా వాళ్ల నాలుగూ ఆరూ ఒకే కుటుంబం. సిలిండర్‌కి సుమారు 500 సీసీ, పేర్చడమే తేడా.

భీమిలి రోడ్డు:
బలం సంగతి ఒప్పుకున్నాను గురువు గారూ. నా బాధ వణుకు గురించి. నాలుగింటిలో రెండు పిస్టన్లు ఎక్కుతుంటే రెండు దిగుతాయి, చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది. కానీ పిస్టన్‌ని క్రాంకుకి (పిస్టన్లు తిప్పే ఇరుసుకి) కలిపే కనెక్టింగ్ రాడ్డు వాలు వల్ల, క్రాంకు పై సగం చుట్టులో పిస్టన్ ఎక్కువ దూరం, కింది సగంలో తక్కువ దూరం నడుస్తుంది. లెక్క తేలక మిగిలిన బలం క్రాంకు వేగానికి రెట్టింపున ఊపుతుంది. దాన్ని అణచడానికే రెండు బ్యాలెన్స్ షాఫ్టులు, అంటే ఎదురు బరువులతో తిరిగే కడ్డీలు. ఇన్‌లైన్ సిక్స్‌లో ఆ బలాలు వాటంతటవే రద్దవుతాయి. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు, ఇంకో తేడా ఉంది: చుట్టుకి నాలుగులో రెండు పేలుళ్లు, ఆరులో మూడు. మే నెలలో మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర, ఏసీ కంప్రెసర్ లాగుతుంటే, ఆ తేడా సీట్లో తెలుస్తుంది.

ఎంవీపీ కాలనీ:
నేనూ భీమిలి వైపే. మెర్సిడెస్ సీ63లో నాలుగు లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) తీసేసి, నాలుగు సిలిండర్లకి ఎలక్ట్రిక్ మోటారు జోడించారు. 680 హార్స్‌పవర్ వచ్చింది, బండి రెండు టన్నులు దాటింది. తేలిక అన్న మాట ఏమైనట్టు?

గాజువాక షెడ్డు:
ఆ బరువు హైబ్రిడ్ సామానుది, ఇంజన్‌ది కాదు. ఆరుకి అసలు చిక్కు పొడవు. మెర్సిడెస్ చిన్న సెడాన్ ఏ-క్లాస్ లిమోజీన్‌లో 1.3 లీటర్ల ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది. అక్కడ ఆరు వరసగా ఎక్కడ పెడతారు?

భీమిలి రోడ్డు:
అక్కడ వద్దండి. 330ఐ వచ్చే 3 సిరీస్‌లో చోటుంది కదా! అదే బానెట్ కింద ఎం340ఐకి ఆరు పెట్టి, చెన్నైలోనే బిగిస్తున్నారు. అంటే నాలుగు పెట్టడం ఖర్చు, పొగ లెక్కల వల్లే గానీ చోటు చాలక కాదు. బాబాయి ఘాట్ ఎక్కేది ఏడాదికోసారి, సిగ్నళ్లలో ఆగేది రోజూ. ఇంకో ఏడాది డబ్బు కూడబెట్టి ఆరే కొనమని ఇవాళే చెప్పాను.