సర్వపిండిలో ‘సర్వ’ అంటే ఏంది?

మాది హనుమకొండ. మొన్న ఆఫీసుకు సర్వపిండి పట్టుకపోతే గుంటూరు నుంచి వచ్చిన ఒకాయన తిని, ‘సర్వం వేస్తారు కాబట్టి సర్వపిండి అన్నారా?’ అని అడిగాడు. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కల్యామాకు, పచ్చిమిర్చి అన్నీ పడతాయి కాబట్టి నిజమే అనిపిస్తుంది. కానీ మా ఇంట్లో పెద్దవాళ్లు నీళ్లు కాగబెట్టే గిన్నెను కూడా సర్వ అంటారు. ఏది సరైంది?

జవాబు 1
గిన్నెనే అన్నా, అనుమానమే లేదు. మాది జగిత్యాల, మా దిక్కు ఇదే వంటను గిన్నెప్ప అంటాం. గిన్నెలో ఒత్తిన అప్ప. పండుగకు చేసే పిండివంటలను అప్పాలు అనే అంటాం కదా, అందులోదే ఆ మాట. నల్లగొండ చుట్టాలేమో తపాలచెక్క అంటారు, అక్కడ తపాల అంటే కూడా గిన్నెనే, పోస్టు కాదు. పిండి అదే, పేర్లు మూడు, మూడింట్లోనూ ముందున్నది గిన్నె పేరే. సర్వం అనే అర్థమే ఉంటే మిగతా రెండు ఊర్లలో దాని జాడ ఎక్కడో ఒకచోట కనపడాలి కదా.

జవాబు 2
పైన అన్న చెప్పింది కరెక్ట్. సర్వకు అడుగు గుండ్రంగా ఉంటుంది, లోపల నూనె రాసి పిండిని అడుగు నుంచి గోడల మీదికి ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి అందులో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని మంట మీద ఉంచితే అంచులు కరకర, నడుమ మెత్తగా వస్తుంది. ఇప్పుడు అందరూ నాన్‌స్టిక్ పెనం మీద చేస్తున్నారు, రుచి బాగానే ఉంటుంది గానీ ఆ గిన్నె ఆకారం రాదు, పిల్లలకు పేరు ఎట్లా వచ్చిందో కూడా తెలియకుండా పోతుంది. నాకు అదే బాధ.

జవాబు 3
అక్కా, సర్వలోనే చేద్దామని చూస్తే రెండోది ఒత్తుతుంటే పిండి అంటుకోవట్లేదు, చేతులు కాలుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు 2
వేడి సర్వకు పిండి అంటదమ్మా. బోర్లించి వెనుక చల్లనీళ్లు పోసి, చల్లారినాక తుడిచి మళ్లీ నూనె రాయి. అందుకే చానా ఇండ్లల్లో రెండు సర్వలు పెట్టుకుంటారు, ఒకటి పొయ్యి మీదుంటే ఇంకోటి చల్లారుతుంటుంది.