పందెపు గుర్రం దాణా సగంలో వదిలేస్తోంది, మాటిమాటికీ కడుపునొప్పి. ఏం పెట్టాలి?

మొయినాబాద్_జీను:
మా ఆడగుర్రానికి ఏడేళ్లు, 430 కిలోలుంటుంది. పందేలు మానిపించాక కొన్నాం. మూడు నెలలుగా దాణా సగంలో వదిలేసి గోడ వైపు తిరిగి నిలబడుతోంది. జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి కరవడానికొస్తోంది. రెండుసార్లు కడుపునొప్పి కూడా వచ్చింది: ముందుకాలితో నేల తవ్వడం, డొక్క వైపు చూసుకోవడం, పడి పొర్లడం. రోజుకు మూడు పూటల్లో కలిపి ఆరు కిలోల దాణా (ఓట్లు, నానబెట్టిన శనగలు), నాలుగు కిలోల ఎండుగడ్డి పెడుతున్నాం. చిక్కిపోతోంది, దాణా ఇంకో కిలో పెంచుదామంటున్నాడు గుర్రాన్ని చూసుకునే మా సాయీసు.

బారాత్_గుర్రాలోళ్లం:
పెంచకు అన్నా. మేము మూడు తరాల సంది పెండ్లి గుర్రాలు నడుపుతున్నం. సాయంత్రం ఆరింటికి తోలుకపోతే నడిరాత్రి దాక బ్యాండు మోతల నిలవడాలె. మునుపు కడుపు ఖాళీగుంటే తేలికగ నడుస్తదని ఏం పెట్టకుండ తీస్కపోయేటోళ్లం. తెల్లారేసరికి ఏదో ఒకదానికి నొప్పి. ఇప్పుడు బయల్దేరే ముందు గంపెడు లూసర్న్ మేత ఏస్తం, బండిల గడ్డిమోపు పెట్టుకపోతం. ఫొటోల కోసం ఆగిన కాడల్లా రెండు పిడికిళ్లు నోటికందిస్తం. పెండ్లికొడుకు షేర్వానీకి ఆకులంటితే తిట్లు పడ్తయి. పడనీ.

పశువైద్యం_ఆఖరేడు:
దాణా ఎక్కువే, కానీ నాకు భయమేసింది ఆ నాలుగు కిలోల గడ్డి చూసి. గుర్రం తిన్నా తినకపోయినా దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దాన్ని విరిచేది లాలాజలం, అది నమిలినప్పుడే వస్తుంది. కిలో గడ్డి నమలడానికి ముప్పావు గంట దాకా పడుతుంది, కిలో ఓట్లు పది నిమిషాల్లో అయిపోతాయి. లెక్క వేసుకోండి, రోజులో ఎన్ని గంటలు దాని నోరు ఖాళీగా ఉంటోందో! కడుపు పైభాగానికి జిగురు పొర ఉండదు. దౌడు తీస్తే ఆమ్లం ఎగజిమ్మి అక్కడే పుండ్లు పడతాయి.

ఎండుగడ్డి రోజుకు గుర్రం బరువులో కనీసం ఒకటిన్నర శాతం, వీలైతే రెండు శాతం పెట్టండి. మీ గుర్రానికి అది ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర కిలోలు. పిండిపదార్థం గుర్రం బరువులో ప్రతి కిలోకు పూటకు ఒక గ్రాము, రోజుకు రెండు గ్రాములు దాటకూడదు. ఓట్లలో సుమారు నలభై శాతం పిండే. కాబట్టి పూటకు కిలో, రోజుకు రెండు కిలోలు మించొద్దు. మార్పు పదిరోజుల మీద నెమ్మదిగా చేయండి.

అన్నట్టు, నొప్పి మందులేమైనా వాడారా?

మొయినాబాద్_జీను:
కాలు వాచిందని మూడు వారాలు బ్యూట్ (ఫెనైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు) పొడి దాణాలో కలిపాం. ఇప్పటికీ అప్పుడప్పుడు వేస్తున్నాం. దానికీ దీనికీ సంబంధమా?

పశువైద్యం_ఆఖరేడు:
ఉంది. కడుపు కింది భాగాన్ని కాపాడే పొరను అలాంటి మందులే దెబ్బతీస్తాయి. ఈరోజే డాక్టరుకు చెప్పండి.

టెక్సస్_తెలుగమ్మాయి:
మా గుర్రానికీ ఇదే కథ. ఇక్కడ డాక్టరు గొట్టం కెమెరా దించి చూసి, ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ఒమెప్రజోల్ పేస్టు 28 రోజులు ఇచ్చారు. పొద్దున్నే ఖాళీ కడుపున మందు, గంటాగి గడ్డి. మనుషుల క్యాప్సూళ్లలోని గుళికలు నూరి కలపాలని చూడొద్దు, పైపూత పోతే మందును ఆమ్లమే పాడుచేస్తుంది. ఇంకోటి, సన్న కన్నుల వల సంచిలో గడ్డి పెడితే రాత్రంతా లాగి లాగి తింటుంది. స్వారీకి ముందు కాస్త లూసర్న్ పెడతాను, అందులోని కాల్షియం ఆమ్లాన్ని విరుస్తుందట.

పాడేరు_సంత:
మా ఏజెన్సీలో సంతకు మూటలు మోసే గుర్రాలు పొద్దస్తమానం కొండ మీద మేస్తాయి. ఓట్ల మొహం చూసి ఎరగవు. మరీ నీరసంగా ఉంటే గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు.

ఉలవచారు_అభిమాని:
మా తాత నొప్పొస్తే వాము, ఇంగువ కాచి సీసాతో నోట్లో పోసేవాడు. బాగా పనిచేసేది.

పశువైద్యం_ఆఖరేడు:
దయచేసి పోయకండి. పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పు. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే కడుపు ఉబ్బితే పగిలే ప్రమాదం కూడా ఉంది. నొప్పి మొదలైతే ముందున్న దాణా తీసేసి డాక్టరుకు ఫోన్ చేయాలి. లద్ది ఎప్పుడు వేసిందో గుర్తుపెట్టుకుంటే ఆయన అడిగే మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మొయినాబాద్_జీను (ఐదు వారాల తర్వాత):
కెమెరాతో చూశారు. పైభాగంలోనూ కిందా పుండ్లే. దానికోసం రాత్రంతా పస్తుంచాల్సి వచ్చింది, పాపం. బ్యూట్ మానిపించారు, 28 రోజుల మందు అయింది. ఇప్పుడు ఎనిమిది కిలోల ఎండుగడ్డి, ఒకటిన్నర కిలో ఓట్లు రెండు పూటలుగా, కాస్త నూనె. తొట్టి నాకేస్తోంది. పట్టీ బిగిస్తే మాత్రం ఇంకా చెవులు వెనక్కే, అలవాటనుకుంటా. సాయీసుకు ఇంకా నమ్మకం కుదర్లేదు, రోజూ ఓట్ల డబ్బా వైపు దిగులుగా చూస్తుంటాడు. ఒకటే ఇబ్బంది, లూసర్న్ దొరకడం లేదు.

బారాత్_గుర్రాలోళ్లం:
ఆషాఢం గదా అన్నా, పెండ్లిళ్లు లేవు, మా గుర్రాలు ఖాళీ. మోపులు మిగులుతున్నయి. వచ్చి తీస్కపో.