పాత ఇనుములో మూడు రెక్కల గుర్తున్న డబ్బా వచ్చింది, కోయొచ్చా?

హుజూర్‌నగర్ పిలగాడు:
మాది హుజూర్‌నగర్ పక్కన పాత ఇనుము కొట్టు. కొట్టు బాపుది, లెక్కలు నావి. సోమవారం ఒకాయన ట్రాలీ ఆటోలో సరుకు తెచ్చి దింపాడు. ఏదో సిమెంటు ఫ్యాక్టరీలో పాతవి విప్పితే వచ్చినవట. పైపులు, బెల్టు రోలర్లు, మోటారు కవర్లు, వాటి మధ్యలో ఒక డబ్బా. పాల క్యానంత కూడా లేదు, కాటా మీద పెడితే 38 కిలోలు తూగింది. బాపు ఒక అంచున గోకి చూసి "సీసం రా" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

డబ్బా పక్కన ఒక పిడి, దానికి తుప్పు పట్టిన తాళంకప్ప. పసుపు రేకు మీద ఫ్యాను రెక్కల్లాంటివి నల్లగా మూడు, నడుమ చుక్క. కింద రాత చెరిగిపోయింది, సీఎస్-137 అని మాత్రం కనబడుతోంది. రేపు పొద్దున గ్యాస్ కట్టర్‌తో కోయించి సీసం కరిగిద్దామని బాపు అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా తెలిస్తే ఈ రాత్రికే చెప్పండి.

పాత ఇన్‌స్ట్రుమెంటు మేస్త్రి:
తమ్ముడూ, కోయొద్దు. ఆ మూడు రెక్కలు రేడియోధార్మిక పదార్థానికి గుర్తు, సీఎస్-137 అంటే సీజియం. ముందు ఈ మాట బాపుకు చెప్పి వచ్చి మిగతాది చదువు.

నేను కృష్ణ ఒడ్డున ఒక సిమెంటు ఫ్యాక్టరీలో 26 ఏళ్లు చేశాను. సున్నపురాయి పిండిని ముందుగా వేడిచేసే ప్రీహీటర్ టవర్ మీద సైక్లోన్లని గరాటుల్లాంటివి ఉంటాయి. వాటిలో పిండి గడ్డకట్టి మూసుకుపోతే కిలన్, అంటే పెద్ద కొలిమి, ఆగిపోతుంది. అడుగు సైక్లోన్లో వేడి ఎనిమిది వందల డిగ్రీల పైమాటే, లోపల ఏ పరికరం పెట్టినా నిలవదు. అందుకే బయట ఒక వైపు సీజియం డబ్బా, అవతలి వైపు డిటెక్టర్ బిగిస్తారు. గామా కిరణాలు దాటితే దారి తెరిచున్నట్టు, దాటకపోతే జామ్ అయినట్టు. మీ కొట్టుకొచ్చింది ఆ డబ్బాయే అనుకుంటున్నాను. ఆ పిడి షట్టర్‌ది, అంటే కిరణాలు బయటికొచ్చే దారికి మూత. షట్టర్ మూసి తాళం ఉన్నంతవరకు సీసం కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. అసలు సరుకు లోపల వేలెడంత కూడా ఉండని స్టీలు గొట్టంలో ఉంటుంది. కట్టర్ మంట దానికి తగిలితే మాత్రం మీ కొట్టు మళ్లీ మీది కాదు.

ఇరవై ఏళ్ల కాటా:
నేనూ ఇదే వ్యాపారంలో ఉన్నా. ఎన్ని డబ్బాలు కోశామో లెక్కలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అంత భయమైతే రాత్రిపూట తీసుకెళ్లి సాగర్ ఎడమ కాలువలో పడేయండి, పీడ పోతుంది.

పాత ఇన్‌స్ట్రుమెంటు మేస్త్రి:
కాలువలోనా! ఆ నీళ్లు తాగేది ఎవరన్నా?

ఏమీ కాలేదంటున్నావు కాబట్టి చెబుతాను. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో మూతబడిన క్యాన్సర్ క్లినిక్ నుంచి ఇద్దరు కిరణాలతో వైద్యం చేసే ఒక యంత్రం తల విప్పుకుపోయి, మనలాంటి పాత ఇనుము కొట్టుకే అమ్మారు. లోపల వంద గ్రాములు కూడా లేని సీజియం పొడి. చీకట్లో నీలంగా వెలుగుతోందని కొట్టు యజమాని ఇంట్లో పెట్టి చుట్టాలను పిలిచి చూపించాడు. కొందరు గింజంత గింజంత పట్టుకెళ్లారు. ఆరేళ్ల పాప ఆ పొడి అంటిన చేత్తోనే తిండి తిన్నది. చుట్టూ చాలామందికి ఒకేసారి జబ్బు చేస్తే, ఆ పొడి వల్లేనని ముందు అనుమానించింది యజమాని భార్య. దాన్ని సంచిలో వేయించుకుని బస్సులో ఆరోగ్య శాఖ ఆఫీసుకు పట్టుకెళ్లింది. ఆమె, ఆ పాప, కొట్టు పనివాళ్లు ఇద్దరు, మొత్తం నలుగురు పోయారు. లక్ష మందికి పైగా స్టేడియం దగ్గర వరుసకట్టి రేడియేషన్ మీటరు పెట్టించుకున్నారు. 249 మందికి అంటుకుందని తేలింది. ఇళ్లు కూల్చి మట్టితో సహా ఎత్తారు.

అంత దూరం ఎందుకు, 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక యూనివర్సిటీ వేలంలో అమ్మిన పాత యంత్రాన్ని కోశారు. అందులోది కోబాల్ట్-60, అదీ రేడియోధార్మికమే. ఒకాయన చిన్న ముక్కను పర్సులో పెట్టుకు తిరిగాడు. పనివాడు ఒకరు చనిపోయారు.

చెర్నోబిల్ చుట్టూ ఊళ్లు ఇంకా ఖాళీగా ఉండటానికి ముఖ్య కారణం కూడా ఈ సీజియమే. 1986 నాటిది, సగం కావడానికే 30 ఏళ్లు పడుతుంది. అమ్రాబాద్ అడవిలో యురేనియం తవ్వుతారంటే మనం రోడ్డెక్కాం, మంచిదే. కొట్టులోకి వచ్చిన డబ్బాను మాత్రం సీసం రేటు చూసి కోసేస్తాం.

హుజూర్‌నగర్ పిలగాడు:
బాపు దాన్ని పొట్టకు ఆనించి మోశాడు అన్నా. మా చెల్లె ఇప్పుడు ఆయన దగ్గరికి పోవాలన్నా భయపడుతోంది.

రేడియోథెరపీ అక్క:
చెల్లిని భయపడొద్దని చెప్పు తమ్ముడూ. కిరణాలు తగిలిన మనిషి నుంచి ఇంకొకరికి ఏమీ రాదు. ఎక్స్‌రే తీయించుకుని వచ్చినవాళ్ల పక్కన కూర్చోమా? పొడి బయటపడి బట్టలకో, చేతులకో అంటితేనే ఆ సమస్య. గొయానియాలో జరిగింది అదే. మీ డబ్బా పగలలేదు, తాళం ఉంది. అయినా బాపుకు వాంతులైనా, మోసిన చోట ఎర్రబడినా డాక్టరుకు ఈ డబ్బా సంగతి ముందే చెప్పాలి. కాలినట్టు మచ్చ రావడానికి ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది.

డబ్బాను ఇక కదపొద్దు. దూరం రెండింతలైతే కిరణాలు నాలుగో వంతుకు పడిపోతాయి, అందుకని ఎవరినీ అటు పోనివ్వకుండా తాడు కట్టండి. 112కి ఫోన్ చేసి రేడియోధార్మిక గుర్తున్న డబ్బా అని ఆ మాటే వాడి చెప్పు. ఊరికే పాత డబ్బా అంటే పొద్దున వస్తామంటారు.

పాత ఇన్‌స్ట్రుమెంటు మేస్త్రి:
రేకు ఫోటో దూరం నుంచి జూమ్ చేసి తీసి ఉంచు. నంబరు దొరికితే అది ఎవరిదో ముంబైలోని ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ బోర్డు, రికార్డుల్లో తేలుతుంది. పనికిరాకుండా పోయిన సోర్సును, అంటే ఇలాంటి రేడియోధార్మిక సరుకును, తయారుచేసినవాళ్లకు తిప్పి పంపాలి గానీ తూకానికి అమ్మకూడదు. తప్పు మీది కాదు, భయపడకుండా చెప్పండి.

హుజూర్‌నగర్ పిలగాడు:
నాలుగు రోజులైంది, చెప్పడం ఆలస్యమైంది. ఆ రాత్రే పోలీసులు వచ్చి కొట్టు ఖాళీ చేయించారు. మర్నాడు సాయంత్రం మీటరు పట్టుకుని ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. గేటు దగ్గర మీటరు ఊరికే ఉంది, డబ్బా దగ్గరికి పోయేకొద్దీ కిరకిరమంది. షట్టర్ మూసే ఉందన్నారు. నేలను, కాటాను, బాపు లుంగీని కూడా చూసి ఏమీ అంటలేదన్నారు. డబ్బాను ఇంకో పెద్ద సీసం పెట్టెలో పెట్టి తీసుకుపోయారు.

బాపు బాగానే ఉన్నాడు. అందరూ పోయాక నన్ను పిలిచి అడిగాడు: "38 కిలోల పైసలు ఎవలిస్తరు రా?"