రిసర్చ్ పేపర్లు వెతకడంలో ఇక్కడి స్టూడెంట్లకి, మనకి తేడా ఎక్కడ?

ప్రశ్న:
పీహెచ్‌డీ కోసం వేరే దేశం వచ్చాను. లిటరేచర్ రివ్యూ (నా టాపిక్ మీద ఇప్పటికే వచ్చిన పరిశోధనలు చదివి రాసుకోవడం) మొదలుపెట్టి, రిసర్చ్ పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో వెతుకుతుంటే వేలల్లో వస్తున్నాయి, ఏది చదవాలో ఏది వదలాలో తెలియక ఒకటే టెన్షన్. నా ల్యాబ్‌లో ఇక్కడే డిగ్రీ చేసినవాళ్లు మాత్రం కావలసినవి చకచకా పట్టుకొస్తున్నారు. వాళ్లు ఏం చేస్తున్నారు?

జవాబు 1:
వాళ్లు వెళ్లి అడుగుతారండీ, తేడా చాలావరకు అదే. లైబ్రేరియన్ అంటే పుస్తకాలు ఇచ్చి తీసుకునే మనిషి అనుకుని మనలో చాలామంది ఆ గుమ్మం తొక్కరు. చాలా యూనివర్సిటీల్లో ఒక్కో సబ్జెక్టుకి ఒక లైబ్రేరియన్ ఉంటారు, అపాయింట్‌మెంట్ తీసుకుంటే పక్కన కూర్చుని మీ టాపిక్ మీద వెతికి చూపిస్తారు, అది వాళ్ల ఉద్యోగంలో భాగమే. ఇంకోటి, పేపర్ దొరక్కపోతే డబ్బు కట్టి కొనేయకండి. ఇంటర్‌లైబ్రరీ లోన్ అడిగితే వేరే లైబ్రరీ నుంచి తెప్పిస్తారు, స్టూడెంట్లకి చాలాచోట్ల ఉచితమే.

జవాబు 2:
నేను డిగ్రీ కూడా ఇక్కడే చేశాను. మేమూ ముందు గూగుల్ స్కాలర్‌లోనే వెతుకుతాం, అందులో తేడా ఏం లేదు. కాకపోతే ఒక మంచి పేపర్ దొరికాక మళ్లీ మొదటి నుంచి వెతకం. దాని కింద 'సైటెడ్ బై' నొక్కితే తర్వాత దాన్ని ఉదహరించిన పేపర్లన్నీ వస్తాయి, పైన 'సెర్చ్ వితిన్ సైటింగ్ ఆర్టికల్స్' అనే గడిలో టిక్ పెట్టి మీ పదాలు కొడితే ఆ గుంపులోనే వెతుకుతుంది. సెట్టింగ్స్‌లో 'లైబ్రరీ లింక్స్' దగ్గర మీ యూనివర్సిటీని కూడా కలుపుకోండి, మీ లైబ్రరీ ద్వారా చదవగలిగే పేపర్ల పక్కన లింకు కనిపిస్తుంది. ఆ అయోమయం గురించి దిగులు వద్దు, కెరోల్ కుల్తావ్ అనే పరిశోధకురాలు 1991లోనే రాశారు, వెతకడం మొదలెట్టాక స్పష్టత రాకముందు అనుమానాలు పెరగడం మామూలేనని. అందరికీ వచ్చే దశే అది.

జవాబు 3:
వెళ్లి అడగడం గురించి వచ్చింది కాబట్టి, పేపర్ల సంగతి కాకపోయినా ఇంకో మాట. మన వాట్సాప్ గ్రూపులు ఇల్లు వెతుక్కోవడానికి బాగా పనికొస్తాయి, కాదనను. కానీ వీసా రూల్స్, థీసిస్ గడువులు లాంటివి అక్కడ విన్నమాట పట్టుకుని చేయకండి, పోయిన ఏడాది రూల్ ఈ ఏడాది ఉండకపోవచ్చు. ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ అందరికీ. లైబ్రేరియన్ దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి?

జవాబు 1:
మీ ప్రశ్న ఒక్క వాక్యంలో, ఇప్పటికే నచ్చిన రెండు మూడు పేపర్లు, ఇంతవరకు ఏయే పదాలతో వెతికారో ఆ లిస్టు. ఇంగ్లీషు తడబడుతుందని భయమైతే ఇదంతా ముందే మెయిల్‌లో రాసి పంపేయండి.